గూడవల్లి రామబ్రహ్మం: రైతు గోడును తెరకెక్కించిన మనిషి

మొన్న నాట్లు అయిపోయాక ఒక సాయంత్రం మా పేటలో కూలి రేట్ల మీద మీటింగు పెట్టుకున్నాం. మాటలు అయ్యేసరికి చీకటి పడింది. అన్నాలకు ఇంకా వేళ కాలేదు. మా కుర్రాడొకడు కమ్యూనిటీ హాల్లో ఉన్న టీవీకి ఫోను తగిలించి పాత సినిమా ఒకటి పెట్టాడు. అది 'మాలపిల్ల'. 1938లో తీసిన బొమ్మ. శబ్దం గరగరలాడుతూ ఉంది, బొమ్మ మసకమసకగా ఉంది. అయినా ఆడా మగా కదలకుండా కూర్చుని చూశారు. మన పల్లె పేరు పెట్టుకుని అంతకాలం కింద సినిమా తీశారా అని కుర్రకారంతా ఆశ్చర్యపోయారు.

సినిమా అయిపోయాక ఒక ముసలామె లేచింది. అరవై ఏళ్లు నాట్లేసి నడుం వంగిపోయిన మనిషి. ఆమె అడిగింది ఒకటే మాట. పిల్ల పెద్దింటి కోడలైంది సరే, గుడి తలుపులు తీశారు సరే, మరి ఆ పిల్ల అమ్మానాన్నలూ మిగతా పల్లె జనమూ మర్నాడు పొద్దున్నే ఎవరి చేలో కలుపుకు వెళ్లారని. ఎవరం జవాబు చెప్పలేకపోయాం.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ సినిమా తీసిన మనిషి ఎవరు, ఎక్కడినుంచి వచ్చాడు, ఎందుకు తీశాడు, ఎంతదూరం వచ్చి ఎక్కడ ఆగిపోయాడు అని నాకు తెలిసినంతలో కూడబెట్టుకుని ఈ వారం రాస్తున్నాను. సినిమా వాళ్ల సంగతి రైతుకూలీల పేజీలో ఎందుకని కొందరు అనుకోవచ్చు. చివరిదాకా చదివితే ఇది మన సంగతేనని తెలుస్తుంది.

నందమూరు నుంచి మద్రాసు దాకా

గూడవల్లి రామబ్రహ్మం గారు 1902లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. వ్యవసాయం చేసుకునే కుటుంబం. కాలువల కింద వరి పండే ప్రాంతం. కృష్ణకు ఆనకట్ట పడి అప్పటికి దాదాపు యాభై ఏళ్లయింది. కాలువ నీళ్లతో పాటు ఆ ఊళ్లకు బళ్లు వచ్చాయి, గ్రంథాలయాలు వచ్చాయి, పత్రికలు వచ్చాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడే రైతుల ఇళ్లలో పిల్లలు బందరుకో బెజవాడకో చదువుకు పోవటం మొదలైంది. అయితే ఆ నీళ్లు అందరి గొంతూ ఒకే తీరుగా తడపలేదు. భూమి ఉన్నవాడికి ధాన్యం వచ్చింది. భూమి లేనివాడికి పని వచ్చింది, దాంతోపాటు పాలేరుతనమూ వచ్చింది. రామబ్రహ్మం గారు పుట్టింది భూమి ఉన్న వైపు. ఈ మాట ఆయన్ని తక్కువ చేయటానికి అనటం లేదు. మనిషి ఎక్కడ నిలబడి లోకాన్ని చూశాడో తెలిస్తేనే అతను చూసిందీ చూడలేకపోయిందీ రెండూ అర్థమవుతాయి.

1920-21లో సహాయ నిరాకరణ గాలి వీచినప్పుడు చదువు వదిలిపెట్టి కదిలిన కుర్రాళ్లలో ఆయన ఒకరు. తర్వాత ఆయన మనసు బ్రాహ్మణేతరోద్యమం వైపు, హేతువాదం వైపు మళ్లింది. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పురాణాలను తిరగేసి ప్రశ్నిస్తున్న రోజులవి. పుట్టుకను బట్టి ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ ఎలా అవుతాడని చదువుకున్న రైతు బిడ్డలు గట్టిగా అడుగుతున్నారు. రామబ్రహ్మం గారు పత్రికల్లోకి దిగారు. 'సమదర్శిని', 'ప్రజామిత్ర' పత్రికలకు సంపాదకుడుగా పనిచేశారు. జస్టిస్ పార్టీ వాళ్లతో దగ్గరగా మెలిగారు. పత్రిక నడపటమంటే ఏమిటో మన సంఘాల్లో కరపత్రం వేసినవాళ్లకు కొంత తెలుసు. కాగితం అప్పు, అచ్చుకూలి అప్పు. ఇన్ని తంటాలు పడి వేసినా చదవటం వచ్చిన వాడికే అది చేరుతుంది. అప్పట్లో ఊళ్లో అక్షరం ముక్క వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బొమ్మకు మాట వచ్చింది. 1932లో మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది. చదువు రానివాడు కూడా అణా పెట్టి కూర్చుంటే కథ అర్థమయ్యే సాధనం అది. రామబ్రహ్మం గారు మద్రాసు వెళ్లి వేల్ పిక్చర్స్ కంపెనీలో చేరి సినిమా పని నేర్చుకున్నారు. అప్పటి సినిమాలు దాదాపు అన్నీ నాటకాల వాళ్లు ఆడే పురాణ కథలే. రాముడూ కృష్ణుడూ ద్రౌపదీ సతీ సావిత్రీ. భాష కూడా గ్రాంథికమో నాటకాల భాషో. మన ఇళ్లలో మాట్లాడుకునే మాట తెర మీద వినపడేది కాదు. కిరీటం లేని మనిషికి తెర మీద చోటు లేదు. దాన్ని మార్చాలని పట్టుబట్టిన వాళ్లలో ఈయన ముందు నిలిచారు.

జమీందారు డబ్బుతో మాలపిల్ల

సినిమా తీయాలంటే మాటలు చాలవు, డబ్బు కావాలి. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారు పెట్టుబడి పెట్టి సారథి ఫిలిమ్స్ స్థాపించారు. దివిసీమ ప్రాంతంలో వందల వేల ఎకరాలున్న ఎస్టేటు అది. శిస్తుల కోసం రైతుల్ని పీడించిన దివాణాల్లో చల్లపల్లి పేరు కూడా మన ఉద్యమ చరిత్రలో ఉంది. ఆ దివాణం సొమ్ముతో మొట్టమొదట తీసిన సినిమా అంటరానితనం మీద. ఇదొక వింత. ఇంతకంటే పెద్ద వింత ముందుంది.

'మాలపిల్ల' 1938లో విడుదలైంది. కథ గుడిపాటి వెంకటచలం గారిది. మాటలు తాపీ ధర్మారావు గారివి. అప్పటికే చనిపోయిన కవి బసవరాజు అప్పారావు గారి పాటల్ని వాడుకున్నారు. సంగీతం భీమవరపు నరసింహారావు. కల్యాణపురమనే ఊళ్లో పూజారి వర్గానికి పెద్ద సుందరరామశాస్త్రి. ఆ వేషం గోవిందరాజుల సుబ్బారావు గారు వేశారు. ఆయన కొడుకు మాలపల్లెలోని శంపాలతను ప్రేమిస్తాడు. కాంచనమాల శంపాలతగా వేసింది. ఊళ్లో ఒక పక్క హరిజనుల గుడి ప్రవేశం గొడవ, ఇంకో పక్క వీళ్ల ప్రేమ. చివరికి అగ్నిప్రమాదంలో ఇరుక్కున్న తన భార్యను పల్లె కుర్రాడు కాపాడిన మీదట శాస్త్రి మనసు మారుతుంది.

ఈనాడు వింటే ఇది మామూలు కథలాగే ఉంటుంది. 1938లో అది మామూలు కాదు. తిరువాన్కూరు సంస్థానంలో అన్ని కులాల వాళ్లకూ గుళ్లు తెరుస్తూ ప్రకటన వచ్చింది 1936లో. మధుర మీనాక్షి గుడిలోకి హరిజనులు అడుగుపెట్టింది 1939లో. అంటే మద్రాసు రాష్ట్రంలో గుడి గుమ్మం దగ్గర ఇంకా పోరు నడుస్తూ ఉండగానే ఈ సినిమా ఊరూరా తిరిగింది. సినిమా పేరులోనే కులం పేరు పెట్టారు. పురాణ దేవతల పేర్లుండే గోడల మీద ఈ పేరు కనపడింది. తాపీ ధర్మారావు గారు పాత్రల చేత వాడుక భాషలో మాట్లాడించారు. ఆచారపరులు మండిపడ్డారు. జనం మాత్రం విరగబడి చూశారు. సినిమాకు డబ్బు వచ్చింది. సంఘం గొడవలు తీస్తే సినిమా ఆడదన్న మాట అబద్ధమని ఈ సినిమా తేల్చేసింది. రామబ్రహ్మం గారు తీసింది వ్యాపార సినిమా. పాటలున్నాయి, అందమైన కథానాయిక ఉంది, ప్రేమ ఉంది. జనం టిక్కెట్టు కొని చూడాలనే తీశారు. ఆ టిక్కెట్టుతోనే వాళ్ల ముందు ఒక ప్రశ్న కూడా పెట్టారు. మా పేట ముసలామె ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను.

రైతుల కాలినడక, రైతుబిడ్డ

మరుసటి ఏడు 1939లో 'రైతుబిడ్డ' వచ్చింది. ఈ సినిమా ఊరికే పుట్టలేదు. దాని వెనక పదేళ్ల రైతుల గోస ఉంది. 1929 తర్వాత లోకమంతా పట్టిన ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. శిస్తు పడిపోలేదు, అప్పు పడిపోలేదు. పైగా కృష్ణా గోదావరి డెల్టాల్లో రీసెటిల్మెంటు పేరుతో సర్కారు శిస్తును రూపాయికి మూడణాల చొప్పున పెంచబోయింది. అది రైత్వారీ గ్రామాల సంగతి. జమీందారీ గ్రామాల్లో ఇంకా అన్యాయం. శిస్తు ఎక్కువ, రశీదు ఉండదు, చెరువు బాగుచేసే నాథుడు లేడు, వెట్టిచాకిరీ తప్పదు, పశువులు మేస్తే పుల్లరి. బాకీ పడితే జప్తు.

రైతు సంఘాలు లేచాయి. ఎన్.జి. రంగా గారు నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి కుర్రాళ్లను తయారుచేస్తున్నారు. కమ్యూనిస్టులు ఊళ్లలో పనిచేయటం మొదలుపెట్టారు. నెల్లూరులో 'జమీన్ రైతు' పత్రిక 1928 నుంచీ వెంకటగిరి ఎస్టేటు రైతుల కష్టాలు రాస్తోంది. 1937 జూలైలో కొత్త సత్యనారాయణ, చలసాని వాసుదేవరావు గార్ల నాయకత్వాన రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురంలో బయలుదేరింది. సుమారు 1500 మైళ్లు కాలినడకన సాగి 1938 మార్చిలో మద్రాసు చేరింది. ఊరూరా రైతుల అర్జీలు పోగుచేసుకుంటూ నడిచారు. అదే సమయంలో ప్రకాశం పంతులు గారు రెవిన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. భూమికి హక్కుదారు రైతేనని ఆ సంఘం 1938లో తేల్చింది. దేశమంతా ఆ మాటే చెప్పుకుంటున్న వేళ రామబ్రహ్మం గారు ఆ గొడవను తెర మీదికి తెచ్చారు.

కథానాయకుడు నర్సిరెడ్డి అనే చిన్న రైతు. ఆ వేషానికి ఆయన తెచ్చుకున్నది ఎవరిని? బళ్లారి రాఘవను. వకీలు, నాటకరంగంలో దేశమంతా పేరు మోసిన నటుడు. రాజుల వేషాలు వేసి మెప్పించిన మనిషి పంచె బిగించి రైతు వేషం కట్టాడు. ప్రకాశం గారి తమ్ముడి కూతురు టంగుటూరి సూర్యకుమారి పద్నాలుగేళ్లు నిండీ నిండని వయసులో ఇందులో పాడి నటించింది. మాటలు రాసింది త్రిపురనేని గోపీచంద్. పాటలకు తుమ్మల సీతారామమూర్తి గారి లాంటి పల్లెటూరి కవుల్ని పిలిచారు. అప్పికట్ల నుంచి కొసరాజు రాఘవయ్య చౌదరి గారిని తీసుకొచ్చారు. కొసరాజు అప్పటికి రైతుల బాధల మీద 'కడగండ్లు' రాసి రైతు సభల్లో పేరు తెచ్చుకున్నారు. సినిమాలకు ఆయన రాయటం ఇదే మొదలు. చూడండి, ఉద్యమంలో పాడుకునే పాట సరాసరి సినిమాలోకి నడిచి వచ్చింది.

నర్సిరెడ్డి షావుకారు దగ్గర అప్పుపడ్డాడు. ఆ షావుకారు జమీందారు మనిషి. ఎన్నికలొస్తాయి. జమీందారు పక్షానికి ఓటు వేయమని ఒత్తిడి. నర్సిరెడ్డి రైతుల పక్షాన నిలబడతాడు. దానికి ఫలితంగా అప్పు మెడకు చుట్టుకుంటుంది, కుటుంబం అగచాట్లు పడుతుంది. అప్పుకూ ఓటుకూ ఉన్న ముడిని అంత విడమరిచి అంతకుముందు తెలుగు తెర మీద చెప్పినవాళ్లు లేరు. ఈనాటికీ మన ఊళ్లలో ఓటు రోజున అప్పిచ్చిన ఆసామి గుమ్మం ముందు నిలబడి పోతే మన గుండె ఎలా కొట్టుకుంటుందో మనకు తెలుసు. సంగతి పాతబడలేదు.

ఆ కథ కల్పన అనుకుని జమీందార్లు ఊరుకోలేదు. ఎందుకంటే 1937 ఎన్నికల్లో అదే జరిగింది. అప్పటి మద్రాసు ప్రధాని, జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజా తన సొంత గడ్డ మీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. పుండు ఇంకా పచ్చిగానే ఉంది. దాని మీద ఈ సినిమా కారం చల్లినట్టయింది. బొబ్బిలి, వెంకటగిరి జమీందార్లు సినిమాను ఆపించాలని చూశారు. కొన్నిచోట్ల ప్రభుత్వం నిషేధించింది. 'మాలపిల్ల'కు వచ్చినంత డబ్బు దీనికి రాలేదు. ఆచారపరులు గుడి గొడవకు కోప్పడ్డారు గానీ సినిమాను ఆపలేకపోయారు. భూమి మాట ఎత్తేసరికి నిషేధం దాకా వెళ్లింది. ఇది మనం గుర్తుపెట్టుకోవలసిన పాఠం.

ఇంకో వింత ఉందన్నానే, అది ఇదే. జమీందారీని ఎండగట్టిన ఈ సినిమా కూడా చల్లపల్లి జమీందారు సారథి ఫిలిమ్స్ తీసిందే. ఒక జమీందారు డబ్బు పెడితే ఇంకో ఇద్దరు జమీందార్లు అడ్డం పడ్డారు. జమీందారు మనసు మారిందని కొందరంటారు. జమీందార్లకు తమలో తమకున్న పోటీలే కారణమని కొందరంటారు. నా మట్టుకు నాకు ఒకటి తోస్తుంది. 'మాలపిల్ల' ఆడింది గనక, పెట్టుబడి దారి చూపింది గనక 'రైతుబిడ్డ'కు డబ్బు వచ్చింది. అయితే ఆ చిన్న సందును వాడుకోవటానికి తెగువ కావాలి. ఆ తెగువ రామబ్రహ్మం గారిది. దివాణం సొమ్ముతో దివాణాల మీద సినిమా తీసిన దర్శకుడు ఇంకెవరన్నా ఉన్నారేమో నాకు తెలీదు.

యుద్ధం, ఆడవాళ్ల కథలు, మాయలోకం

1939 సెప్టెంబరులో ప్రపంచ యుద్ధం వచ్చింది. అక్టోబరులో మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. ప్రకాశం సంఘం సిఫారసులు కాగితాల్లోనే ఉండిపోయాయి. 1940 ఏప్రిల్ 1న మందసా జమీందారీలో పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మ నేలకొరిగింది. తెర మీద నర్సిరెడ్డి కష్టాలు చూసి ఏడ్చిన జనానికి అసలు కథ ఎంత నెత్తురుతో నడుస్తుందో ఏడాది తిరగకుండానే తెలిసివచ్చింది.

రామబ్రహ్మం గారు 1940లో 'ఇల్లాలు', 1941లో 'అపవాదు', 1942లో 'పత్ని', 1943లో 'పంతులమ్మ' తీశారు. 'ఇల్లాలు'తో సాలూరి రాజేశ్వరరావు సంగీతం జనానికి దగ్గరైంది. 'పత్ని' తమిళుల కణ్ణగి కథ. మొగుణ్ణి అన్యాయంగా చంపించిన రాజును నిలదీసిన ఆడమనిషి కథ అది. ఈ సినిమాల పేర్లే చూడండి. ఇల్లాలు, పత్ని, పంతులమ్మ. ఆడదాని బతుకును కథకు నడిమధ్యన పెట్టాలన్న తాపత్రయం ఆయనకు ఉంది. కానీ పొలం, అప్పు, శిస్తు మళ్లీ ఆయన సినిమాలో ఆ స్థాయిలో కనపడలేదు. యుద్ధం మూలాన ఫిలిం కొరత వచ్చింది. సినిమా 11,000 అడుగులు మించకూడదని సర్కారు ఆంక్ష పెట్టింది. ముడిఫిలిం దొరకటమే గగనమైన రోజుల్లో నిషేధం పడే సినిమాకు డబ్బు పెట్టేదెవరు?

1945లో 'మాయలోకం' తీశారు. ఇది కాంభోజరాజు కథ, జానపదం. అక్కినేని నాగేశ్వరరావు కొత్తగా వచ్చిన రోజులు. కన్నాంబ, గోవిందరాజుల సుబ్బారావు కూడా ఉన్నారు. సినిమా బాగా ఆడింది. రైతుబిడ్డ తీసిన మనిషి మాయలూ మంత్రాలూ తీశాడేమిటని ఆయన్ని దెప్పిపొడవటం తేలిక. నేను దెప్పను. సంఘం పనిలో ఉన్నవాళ్లకు తెలుసు, ప్రతి ఏడూ సమ్మె నడపలేం. ఒక ఏడు గెలుస్తాం, ఒక ఏడు వెనక్కి తగ్గి కూడదీసుకుంటాం. ఆయన కూడా కూడదీసుకుంటున్నారనే అనిపిస్తుంది. ఎందుకంటే వెంటనే పెద్ద పని ఎత్తుకున్నారు. పల్నాటి వీరచరిత్ర. అన్ని కులాల వాళ్లనూ ఒక పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని బ్రహ్మనాయుడి గురించి పల్నాట్లో చెప్పుకుంటారు. అంటరానివాడైన కన్నమదాసును కొడుకుగా చేసుకున్నాడని చెప్పుకుంటారు. 'మాలపిల్ల' తీసిన మనిషి ఆ కథకు ఎందుకు ఆకర్షితుడయ్యాడో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ సినిమా పూర్తికాకుండానే జబ్బుపడ్డారు. 1946 అక్టోబరు 1న చనిపోయారు. నలభై నాలుగేళ్లు. అదే ఏడు ఏప్రిల్లో ఆయన నర్సిరెడ్డి, బళ్లారి రాఘవ కూడా పోయారు. 'పల్నాటి యుద్ధం' మిగిలిన భాగాన్ని ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తిచేశారు. 1947లో అది విడుదలైంది. జమీందారీలను రద్దుచేసే చట్టం 1948లో వచ్చింది. తను సినిమాలో అడిగింది చట్టంగా రావటం రామబ్రహ్మం గారు చూడలేదు.

ఆయన నాటిన మొలకలు మాత్రం ఎండిపోలేదు. 1955లో అదే సారథి సంస్థ 'రోజులు మారాయి' తీసింది. దర్శకుడు తాపీ చాణక్య, తాపీ ధర్మారావు గారి అబ్బాయి. కొసరాజు పాటలు. భూస్వామిని ఎదిరించిన రైతుల కథ. ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకుని వెళ్లి చూశాయి. 'రైతుబిడ్డ' నాటిన చేలోదే ఈ పంట.

ముసలామె ప్రశ్న

ఇక మా పేట ముసలామె ప్రశ్నకు వస్తాను.

'మాలపిల్ల'లో పల్లె ఉంది, అంటరానితనం ఉంది. కానీ కథ తేలేది గుడిలో, పెళ్లిలో. 'రైతుబిడ్డ'లో భూమి ఉంది, అప్పు ఉంది. కానీ కథను మోసేది సొంత సెంటు భూమి ఉన్న రైతు. ఈ రెండు సినిమాల మధ్య ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కులంలో కిందివాడూ వాడే, భూమి లేనివాడూ వాడే. వాడే మన వ్యవసాయ కూలి. రామబ్రహ్మం గారు ఒక చేత్తో కులాన్ని పట్టుకున్నారు, ఇంకో చేత్తో భూమిని పట్టుకున్నారు. రెండు చేతులూ కలిపే సినిమా తీయలేదు.

ఎందుకు తీయలేదు? మొదటి సంగతి, 'రైతుబిడ్డ' కథ తిరిగేది ఓటు చుట్టూ. 1937లో ఓటు అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలు ఉన్నవాళ్లకే ఉంది. నర్సిరెడ్డికి ఓటు ఉంది గనక జమీందారు అతణ్ణి బతిమాలాడు, బెదిరించాడు. అతని పొలంలో పనిచేసే కూలికి ఓటే లేదు. వాణ్ణి బెదిరించాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు. ఓట్ల కథలో ఓటు లేనివాడికి వేషం ఎక్కడ దొరుకుతుంది? మనందరికీ ఓటు వచ్చింది రాజ్యాంగంతో, 1952 ఎన్నికల్లో.

రెండో సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. 'మాలపిల్ల'లో ఛాందసమంతా బ్రాహ్మణ శాస్త్రి మీద పడింది. పల్లెవాళ్ల పక్షాన నిలబడే పెద్దమనిషి పేరు చౌదరయ్య. ఆనాటి బ్రాహ్మణేతరోద్యమం లోకాన్ని చూసిన తీరు అది. ఛాందసం ఉన్నమాట నిజమే, దాన్ని ఎండగట్టటం మంచిదే. కానీ ఊళ్లో కూలి పెంచమంటే కళ్లెర్రజేసేది గుడి పూజారి కాదు. నూరెకరాల ఆసామి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపింది పురోహితులు కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపింది పురోహితులు కాదు. భూములున్న పెత్తందారీ కులాల వాళ్లు. 1938 సినిమా కల్యాణపురంలో మనసు మారాల్సిన మనిషి ఒక్క శాస్త్రే అనుకుంది. మారాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయని ఆ తర్వాతి చరిత్ర చెప్పింది.

ఆనాటికి ఆ మాట ఎవరికీ తట్టలేదని అనటానికీ లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లోనే 'మాలపల్లి' నవల అచ్చేశారు. పల్లెలో కూలి గొడవ, కూలీల సమ్మె అన్నీ అందులో ఉన్నాయి. తెల్ల సర్కారు ఆ పుస్తకాన్నీ నిషేధించింది. పుస్తకం చేరిన చోటికి సినిమా చేరలేకపోయింది. దానికి కారణం రామబ్రహ్మం గారి మనసొక్కటే కాదు, సినిమాకు కావలసిన పెట్టుబడి కూడా. రాయటానికి కలమూ కాగితమూ చాలు. సినిమాకు దివాణం తలుపు తట్టాలి.

చల్లపల్లి ఎస్టేటు భూముల మీద ఆ తర్వాత ఎర్రజెండా కింద పేదలు ఏళ్ల తరబడి పోరాడారు. జమీందారీ పోయినా ఎస్టేటు భూములు పేదల చేతికి వాటంతటవి రాలేదు. జెండాలు పాతారు, లాఠీ దెబ్బలు తిన్నారు, జైళ్లకు పోయారు. ఒక పక్క ఆ భూముల ఆదాయం నుంచి తెర మీద రైతుబిడ్డ పుట్టాడు. ఇంకో పక్క ఆ భూముల కోసమే నేల మీద రైతుకూలి నెత్తురోడ్చాడు. రెండూ ఒక దివాణం కథలే. మన పిల్లలకు రెండూ కలిపి చెప్పాలి.

మరి రామబ్రహ్మం గారిని మనం ఎట్లా తలచుకోవాలి? దేవుణ్ణి చేసి దండ వేయనక్కర్లేదు. ఆయన భూమి గల రైతుల ఇంట పుట్టి, జస్టిస్ పార్టీ వాళ్లతో తిరిగి, జమీందారు డబ్బుతో సినిమాలు తీసిన మనిషి. అదే మనిషి, తెర నిండా కిరీటాలున్న కాలంలో పల్లె పిల్లనూ అప్పుపడ్డ రైతునూ తెచ్చి నిలబెట్టాడు. నిషేధం వస్తుందని తెలిసే వెళ్లాడు. కిందనుంచి లేస్తున్న కవుల్ని చేయిపట్టి తీసుకుపోయాడు. మన మాటలో మన కష్టం చెబితే జనం డబ్బిచ్చి చూస్తారని రుజువు చేశాడు. ఆ దారిలో సగం ఆయన నడిచారు. మిగతా సగం నడవాల్సింది ఆ తర్వాత వచ్చినవాళ్లు.

ఈ సంగతులన్నీ పోయిన ఆదివారం మీటింగులో చెప్పాను. ముసలామె అంతా విన్నది. సినిమా తీసినాయన మంచోడే కానీ మా ఇంటిదాకా రాలేదన్నమాట అని తేల్చేసి, మర్నాడు ఎవరి చేలోకి ఎంతమంది వెళ్లాలో, ఏ రేటుకైతే దిగాలో మాట్లాడుకుందాం రమ్మంది. అందరం ఆ మాటల్లో పడ్డాం. ఆ రాత్రి మా పేట వాళ్లు కలిసి ఒక రేటు అనుకున్నారు. దానికి తగ్గితే చేలో దిగేది లేదని అనుకున్నారు. మర్నాడు పొద్దున ఎవరూ దిగలేదు. మధ్యాహ్నానికి ఆసాములు కబురు పెట్టారు.